బతికున్న మనిషి చావు చీజు

కొండ ఊరు ఆర్పెలీన్‌లో ఆ ఆదివారం కథ ఎంతవరకు వచ్చిందంటే, ఉర్సూల్ నేలమాళిగలోకి దిగి, పై అర మీద చెయ్యి పెట్టి, ఉత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా అక్కడున్న ఆమె చావు చీజు లేదు. అది కూర్చున్న మేర దుమ్ము పట్టని గుండ్రటి మచ్చ మాత్రం మిగిలింది. ఆ మధ్యాహ్నమే, కొండ మీద ఊరి ఆవులు మేసే గడ్డినేల పైమేతను స్కీయింగు నడిపే మంచు కంపెనీకి తొంభై తొమ్మిదేళ్ళ కౌలుకి ఇవ్వాలా వద్దా అని మేత వాటాదార్లంతా చేతులెత్తి తేల్చబోతున్నారు. చేతులెత్తే ముందు, కంపెనీ ఖర్చు మీద, కంపెనీ హోటల్లో, వాళ్ళకి విందు. ఆ విందుకి రానని ఉర్సూల్ ఎప్పుడో చెప్పేసింది. కౌలుకి వద్దనే చెయ్యి ఊరు మొత్తానికి ఆమెదొక్కటే.

చావు చీజంటే ఏమిటో ఆ లోయలో పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా చెబుతారు. కోడలు కాపురానికి వచ్చిన ఏడు, ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆవు పాలతో, పైమేతలో ఒక పెద్ద చీజు చక్రం చేస్తారు. దాని అంచు మీద ఇంటి గుర్తు, ఆ కింద కోడలి గుర్తు కాల్చి, ఉప్పు పట్టించి, మాళిగలో పై అర మీద పెడతారు. మళ్ళీ దింపేది ఆమె పోయిన రోజునే. సమాధి నుంచి తిరిగొచ్చిన వాళ్ళందరికీ అది గొడ్డలితో కొట్టి తలా ముక్క పెడతారు. ఇంటి మగవాళ్ళకీ, పెళ్ళికాకుండా ఉండిపోయిన ఆడపిల్లలకీ ఇంటి ఆవు పాలతో అలాంటిదే చేస్తారు. కొత్త పెళ్ళికూతురికి అలాంటి కానుక ఇవ్వడం బయటివాళ్ళకి మోటుగా కనిపించవచ్చు. కానీ ముప్పై ఏళ్ళపాటు ప్రతి శనివారం తన చావుని తనే ఉప్పునీళ్ళ గుడ్డతో తుడుచుకుని, అటు తిప్పి ఇటు పెట్టిన మనిషికి చావంటే బెదురు పోతుంది. అదీ ఇంటిపనుల్లో ఒకటైపోతుంది.

ఉర్సూల్ పైకి వచ్చేసరికి అత్తగారు ఎర్నెస్తీన్ వంటింటి కిటికీ దగ్గర బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

"పై అర మీద చెయ్యి పెట్టిందెవరు, అత్తయ్యా?"

"పొద్దున చర్చి పూజకి ముందు నీ మొగుడు గోనెసంచి భుజానేసుకుని హోటల్ వైపు పోయాడు. బంగాళాదుంపలేమో అనుకున్నా."

"బంగాళాదుంపలు మీ ఒళ్ళోనే ఉన్నాయిగా."

"అందుకే ఇప్పుడు చెబుతున్నా."

ఉర్సూల్ గదిలోకి వెళ్ళి, మామగారు పోయినప్పుడు కుట్టించుకున్న నల్లగౌను తీసి తొడుక్కుంది. నడుం దగ్గర బిగిసింది. ఊపిరి బిగబట్టి హుక్కులు పెట్టుకుని, నల్ల రుమాలు తలకి కట్టుకుంది.

ఎర్నెస్తీన్ కత్తి పక్కన పెట్టింది. "ఎక్కడికే ఆ వేషం?"

"నా చావుకి. చీజు కోస్తున్నారంటే నేను పోయినట్టేగా."

ముసలావిడ కోడల్ని పైనించి కిందకి ఒకసారి చూసింది. "అయితే నేను రావద్దూ? నీ చావుకి నేను రాకపోతే ఊళ్ళో ఏమనుకుంటారు? ముసల్దానికి కోడలి మీద కోపం ఇంకా పోలేదు అనుకుంటారు."

"పోయిందా?"

"ఆ సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం. ముందు నా నల్లశాలువా అందుకో."

ఇద్దరూ బయల్దేరారు. జూన్ ఎండ కొండ మీద నిటారుగా పడుతోంది. మంచు కరిగిపోయి కుర్చీలిఫ్టు పనిలేక ఆగిపోయింది. దాని కుర్చీలు గాలికి ఊరికే ఊగుతున్నాయి. మంచు చిమ్మే యంత్రాలు పచ్చగడ్డిలో మెడలు చాచుకుని, దారి తప్పిన కొంగల్లా నిలబడ్డాయి. ఉర్సూల్ చిన్నప్పుడు అక్కడ పది కొయ్య ఇళ్ళు, ఒక పశువులశాల, ఒక చీజు గది ఉండేవి. ఎండాకాలం ఆవులతోపాటు ఎక్కి, చలికాలం రాకముందే ఆవులతోపాటు దిగిపోయేవాళ్ళు. ఇప్పుడు చలికాలమే అసలు కాలం. పశువులశాల హోటలైంది. దూడల్ని కట్టేసేచోట బారు పెట్టారు. గడ్డివాము ఉన్నచోట బస్సులాగుతాయి.

అందులో ఉర్సూల్‌కి పేచీ లేదు. చలికాలం వచ్చే స్కీయింగు జనానికి ఆమె కూడా మేడమీది గది అద్దెకిస్తుంది. కరిగించిన చీజుని బంగాళాదుంపల మీద గీకి అమ్ముతుంది. జారిపడి కాలు మడతపడిన వాళ్ళకి వేడినీళ్ళ సంచీ ఇచ్చి, దానికి డబ్బు తీసుకోకుండా, చీజుకి కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. ఆమె పేచీ అంతా ఒక్క పైమేత గురించి. ఊరి ఆవులకి మిగిలిన గడ్డి అదొక్కటే. దాన్ని తవ్వి, యంత్రాలకి నీళ్ళు పట్టే చెరువు చేసి, మిగిలిన ఏటవాలుని చదునుగా చెక్కేస్తే, నల్లావులన్నీ శరత్తుకల్లా కసాయివాడి దగ్గరికి నడవాల్సిందే. ఉర్సూల్ ఆవులు రెండూ ముందుంటాయి, ఎందుకంటే అవి ఎక్కడికి వెళ్ళినా ముందే ఉంటాయి.

"నెమ్మదిగా నడువు," అంది ఎర్నెస్తీన్. "శవం అంత తొందరపడితే చూసేవాళ్ళకి బాగోదు."

భోజనాల గది తలుపు దగ్గర ఒక అమ్మాయి వాళ్ళ పేర్లు అడగబోయి, నల్లబట్టలు చూసి పక్కకి తప్పుకుంది.

లోపల పొడుగాటి బల్ల. ఒక కొసన తెయొదూల్ కూర్చున్నాడు. ఆయన మేత వాటాదార్లకి పెద్ద, ఉర్సూల్‌కి స్వయానా పెదనాన్న. ఎనభై దాటినా సభలో ఆయన మాటకి తిరుగులేదు. కౌలుకి ఇద్దామన్న మాట మొదట ఎత్తింది కూడా ఆయనే. కంపెనీ చర్చి కప్పు కొత్తగా వేయిస్తానంది మరి. ఆయన పక్కన కంపెనీ మేనేజరు ఒరెలియాన్. రొట్టెల కొట్టు వాళ్ళబ్బాయే, లొజాన్‌లో చదువుకుని తెల్లచొక్కాతో తిరిగొచ్చాడు. అతని పక్కన జ్యూరిక్ నుంచి పెట్టుబడి పెట్టడానికి వచ్చిన మదాం రూయెగ్. ఆ తర్వాత వాటాదార్లు వరసగా, స్కీలు అద్దెకిచ్చే సిప్రియాన్, లాడ్జి నడిపే ఫ్లోరాంతీన్, ఇంకా మిగతావాళ్ళు. రెండో కొసన, తలుపుకి దూరంగా, ఉర్సూల్ మొగుడు బాసిల్. చలికాలమంతా కంపెనీ మంచుబండి తోలేది అతనే. తల ఎత్తి పెళ్ళాన్ని చూసి మళ్ళీ దించేసుకున్నాడు.

ఒరెలియాన్ లేచాడు. వద్దన్న మనిషి రావడమే అతనికి పండగ. "రండి ఉర్సూల్‌గారూ, రండి. మనసు మార్చుకున్నారు. చాలా సంతోషం. ఎవరైనా పోయారా?"

"ఆ. దగ్గర మనిషే."

"అయ్యో. మాకు తెలియలేదు."

"నాకూ ఇందాకే తెలిసింది," అంటూ ఉర్సూల్ కుర్చీ లాక్కుంది. ఎర్నెస్తీన్ ఆమె పక్కన సర్దుకుంది. వాళ్ళ ముందు కూడా నల్లరాతి పలకలు పెట్టారు. హోటల్ వంటవాడికి పింగాణీ పళ్ళేలు నచ్చవు. పలక మీద పల్చటి ఆపిల్ ముక్కలు, వాటిమీద కాగితం కన్నా పల్చగా చిత్రికపట్టినట్టు తీసిన చీజు పొరలు, మూడు. పక్కన ఒక గడ్డిపువ్వు. గొడ్డలితో కొట్టి పెట్టాల్సిన దాన్ని అలా చూసేసరికి ఎర్నెస్తీన్ ముక్కు ఎగరేసింది.

ఉర్సూల్ పలకని అత్తగారి వైపు జరిపి, ముట్టుకోకుండా, సిప్రియాన్ వైపు తిరిగింది. "ఎలా ఉందిరా చీజు?"

"అబ్బ, అడక్కు. నాలిక మీద నిప్పు పెట్టినట్టుంది. ఇంత ముసలి చీజు నేను ఎప్పుడూ తిన్లేదు."

"మళ్ళీ వేయించుకున్నావా?"

"రెండుసార్లు."

"నువ్వో, ఫ్లోరాంతీన్?"

"నేను డైటింగులో ఉన్నాగా, ఒక్కసారే. కానీ ఆయనది కూడా నేనే తిన్నా."

ఉర్సూల్ బల్ల పొడుగునా, మొగుణ్ణి తప్ప, ఒక్కొక్కర్నీ అదే అడిగింది. విందులో వంట మెచ్చుకోవడం మర్యాద కాబట్టి అందరూ మర్యాదగానే జవాబిచ్చారు. తిన్నాం. బాగుంది. ఇంకొంచెం ఉంటే బాగుండు. తెయొదూల్ పెదనాన్న, పళ్ళు లేవు కాబట్టి, వైన్‌లో నానబెట్టుకుని తిన్నానన్నాడు. మదాం రూయెగ్, ఇటువంటి రుచి జ్యూరిక్‌లో ఎంత పెట్టినా దొరకదని అంది. ఒరెలియాన్ నవ్వుతూ పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

అప్పుడు ఉర్సూల్ లేచి, గోడ పక్క బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉన్న మిగిలిన చక్రం దగ్గరికి వెళ్ళింది. గుడ్డ తీసింది. నాలుగోవంతు పోయింది. రెండు చేతులతో ఎత్తుకుని, పసిపిల్లని చంకన వేసుకున్నట్టు ఒంటికి ఆనించి, బల్ల దగ్గరికి తెచ్చి తెయొదూల్ ముందు పెట్టింది. అంచున ఉన్న గుర్తు ఆయన వైపు తిప్పింది.

"పెదనాన్నా, కళ్ళజోడు పెట్టుకో. ఇదెవరి గుర్తు?"

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. వేలితో తడిమాడు. "మేకగిట్ట. బాసిల్ వాళ్ళింటి గుర్తు."

"కింద?"

ఆయన వేలు కిందికి జరిగింది. ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఒక అడ్డగీత, దానిమీద రెండు చుక్కలు. ఆ గుర్తు కాల్చే పుల్లని చేసిచ్చింది ఆయనే, తమ్ముడి కూతురి పెళ్ళికి.

"ఉర్సూల్," అన్నాడు చాలా మెల్లగా. "ఇది నీది."

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. సిప్రియాన్ నోట్లో ఉన్నదాన్ని ఎటు పంపాలో తేల్చుకోలేక ఒక బుగ్గలో పెట్టుకున్నాడు. ఫ్లోరాంతీన్ చెయ్యి దానంతటదే నుదుటి నుంచి గుండెకి సిలువ గుర్తు వేసుకుంది.

మదాం రూయెగ్ అందరి మొహాలూ చూసింది. "ఏమైంది? పాడైందా?"

"పాడవలేదమ్మా, పండింది," అంది ఎర్నెస్తీన్. "ఇది మా కోడలి చావు చీజు. ఆవిడ పోయాక తినాల్సింది. మీరంతా కాస్త ముందు తినేశారు."

ఆ పట్నపావిడకి నవ్వాలో వద్దో అర్థం కాలేదు. "నేనూ తిన్నాను. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏడవాలి. కానీ అది తినేటప్పుడు చెయ్యాల్సిన పని. ఇప్పుడు ఆలస్యమైంది."

ఒరెలియాన్ మళ్ళీ లేచాడు. "ఇదంతా పొరపాటు, ఉర్సూల్‌గారూ. మన కొండ పాత రుచి మదాంగారికి చూపించాలని నేనే బాసిల్‌ని అడిగాను. పెళ్ళికాని వాళ్ళ మేనత్త చీజు ఒకటుందని, ఆవిడ మార్సేల్లో పోయి అక్కడే సమాధి అయిందని, దానికి ఎవరూ లేరని అన్నాడు. మాళిగలో చీకట్లో చెయ్యి తప్పింది, అంతే. మీకు అంత పెద్ద చక్రం కొత్తది రెండిస్తాను."

"కొత్తదా? ఇది నా పుట్టింటి ఆవుది. ఆ ఆవు పోయి పాతికేళ్ళు. దాన్నెక్కణ్ణుంచి తెస్తావు?"

"సరే, క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను."

"క్షమించాను. క్షమించడం తేలిక. తిన్నది ఎలా తీసేస్తావు?"

ఈ మాటకి మాత్రం వాటాదార్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. చూసుకుంటే అదే ఆలోచన ఎదుటి మొహంలో కనపడుతుందని అందరికీ తెలుసు.

ఉర్సూల్ కూర్చోలేదు. "పెదనాన్నా, చావు చీజు తిన్నవాళ్ళు ఏం చెయ్యకూడదు? నువ్వు పెద్దవి, నువ్వే చెప్పు. మన ఒరెలియాన్ లొజాన్‌లో మర్చిపోయి ఉంటాడు."

తెయొదూల్ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. తుడవడం అయిపోయాక ఇంకోసారి తుడిచాడు.

"ఏ ఇంటి చావు చీజు తిన్నామో," అన్నాడు, చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన అప్పజెప్పినట్టు, "ఏడాది పూజ అయ్యేదాకా ఆ ఇంటి మీద చెయ్యెత్తకూడదు. దావా వెయ్యకూడదు. సరిహద్దు రాయి కదపకూడదు. సభలో ఆ ఇంటికి ఎదురుగా చెయ్యి లేవకూడదు. వాళ్ళ ఉప్పు మన ఒంట్లో ఉన్నంతకాలం."

"ఎత్తితే?"

"ఎత్తినవాడి చీజు ఎవరూ తినరు."

"జకరీ సంగతి చెప్పు," అంది ఎర్నెస్తీన్. అడక్కపోయినా చెప్పేదే. "మా వీధివాడే. పెదతల్లి చీజు తిని, నెల తిరక్కుండా ఆవిడ గడ్డిచేను మీద దావా వేశాడు. గెలిచాడు కూడా. పోయినరోజున మోసేవాళ్ళు లేక శవపెట్టెని వాడి కంచరగాడిద దింపింది. వెనకాల ఫాదర్ ఒక్కడు నడిచాడు, అదీ జీతం తీసుకుంటున్నాడు కాబట్టి. వాడి చీజు ఇప్పటికీ ఆ మాళిగలోనే ఉంది. ఎలుకలు కూడా ముట్టలేదు."

ఒరెలియాన్ మొహంలో నవ్వు ఉంది కానీ దాని వెనకాల ఎవరూ లేరు. "పెద్దవాళ్ళ ఆచారాలంటే నాకూ గౌరవమే. మన హోటల్లో గోడల మీద ఊరి పాత ఫొటోలు పెట్టించింది నేనే కదా. కానీ ఇది సభ. కౌలుకి చట్టం ఉంది. చట్టంలో చీజు ఎక్కడా లేదు."

"లేదు," అంది ఉర్సూల్. "మీ బామ్మ పోయినప్పుడు కూడా లేదు. ఆవిడ చీజు కోసిననాడు నువ్వు మా నాన్న ఒళ్ళో కూర్చున్నావు, రొట్టెముక్క నోట్లో పెట్టుకుని. మీ కొట్టు వెనక దారి మాదని మా నాన్న అప్పటికే లాయర్ని మాట్లాడుకున్నాడు. చీజు తిన్నాడు, లాయర్ని పంపించేశాడు. ఏడాది అయ్యేసరికి కోపం కూడా చల్లారింది. ఆ దారి లేకపోతే మీకు పిండిబస్తాలు దిగేవి కావు, కొట్టు ఉండేది కాదు, నీకు లొజాన్ ఉండేది కాదు. చట్టంలో లేని చీజే నిన్ను చదివించింది, బాబూ."

బల్ల అవతలి కొసన ఎవరో దగ్గారు. అది నవ్వుని దగ్గుగా మార్చుకున్న దగ్గు.

ఒరెలియాన్ చెవులు ఎర్రబడ్డాయి. గౌరవం ఒక మెట్టు దిగింది. "మీరు బతికున్నారు. చనిపోయినవాళ్ళ చీజుకి కదా ఆ కట్టుబాటు. ఇక్కడ చావే లేదు. చావు లేనప్పుడు ఏడాది ఎక్కణ్ణుంచి లెక్కపెడతారు?"

ఇది గట్టి మాటే. వాటాదార్లలో ఇద్దరు ముగ్గురు ఊపిరి పీల్చుకున్నారు. సిప్రియాన్ బుగ్గలోది మింగేశాడు.

"బాగా అడిగావు," అంది ఉర్సూల్. "నేను పోలేదు. అయితే నేను పోయినరోజున ఏం పెడతారు? పై అర ఖాళీ. నా సమాధి నుంచి వచ్చినవాళ్ళకి ఉత్త రొట్టె పెడతారా? నా చావు భోజనం ఇదే. ఇదయ్యాక నాకింకోటి లేదు. తిన్నది మీరు, అయింది మీకు. ఎప్పుడు పోతానన్నది నా సొంత విషయం, దానికి నన్నెవరూ తొందరపెట్టకండి. పోనీ, ఇది చావు చీజు కాదంటావా? మామూలు చీజేనా?"

"మామూలు చీజే."

"అయితే అడక్కుండా నా మాళిగలోంచి తెచ్చిన మామూలు చీజు. దాన్నేమంటారో నీ చట్టంలో ఉంటుంది. రెండింట్లో నీకేది కావాలో చెప్పు, నాకెలాగైనా ఫర్వాలేదు."

మదాం రూయెగ్ చేతిలో ఉన్న కలం మూత పెట్టేసింది. అది ఆ గదిలో అందరికీ వినపడింది.

ఒరెలియాన్ ఆమె వైపు వంగి, గొంతు తగ్గించాననుకుంటూ అన్నాడు. "శరత్తు దాటితే చెరువు అనుమతి చెల్లిపోతుంది, మదాం. ఏడాది ఆగడమంటే ఎప్పటికీ ఆగిపోవడమే. ఇవాళే తేలాలి." తర్వాత తెయొదూల్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, కప్పు సంగతి గుర్తుందిగా? పోయిన వసంతంలో పూజ మధ్యలో మీ నెత్తిమీదే కదా కారింది."

తెయొదూల్ జేబుకత్తి తెరిచి, మూసి, తెరిచి, మూశాడు. ఉర్సూల్‌కి ఆ చప్పుడు చిన్నప్పటి నుంచీ తెలుసు. పెదనాన్నకి తను అనుకున్నది కాకుండా, అనాల్సింది అనవలసి వచ్చినప్పుడే ఆ కత్తి అలా మాట్లాడుతుంది.

"నేను ఇద్దామనుకున్నవాణ్ణి," అన్నాడు చివరికి. "ఇప్పటికీ ఇద్దామనే ఉంది. ఈ పిల్ల మొండిదని దాని బాప్తీస్మం రోజునే చెప్పాను, నీళ్ళు పోస్తే ఫాదర్ వేలు కరిచింది. కానీ తిన్నాను. వైన్‌లో నానబెట్టుకుని మరీ తిన్నాను. దాని గుర్తు కాల్చిన పుల్ల నా చేత్తో చేసిందే. నేను చెయ్యెత్తను. తిన్నవాళ్ళెవరూ ఎత్తడానికి వీల్లేదు. కప్పు కారితే గొడుగేసుకుని పూజ చేసుకుందాం."

ఎర్నెస్తీన్ ఆయన వైపు పలక జరిపింది. "తిను, తెయొదూల్. ఇది కూడా నువ్వే తిను. కట్టుబాటు ఎటూ అయిందిగా, ఆకలెందుకు."

ఆ మాటతో గది కాస్త వదులైంది. ఫ్లోరాంతీన్ నవ్వింది, నవ్వినందుకు సిగ్గుపడింది, ఉర్సూల్ చెయ్యి పట్టుకుని, "నీ చావుకి మంచి బట్టలు కట్టుకు రాలేదు, ఏమనుకోకే," అంది. ఉర్సూల్ గౌను హుక్కు ఒకటి తెగింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలేసింది కాబోలు. పైమేత తవ్వరు. ఆవులు ఎప్పటిలాగే ఎక్కుతాయి. ఉర్సూల్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

ఒరెలియాన్ మాత్రం కూర్చోలేదు. "సభ నియమం ప్రకారం ప్రశ్న వెయ్యాలి," అన్నాడు. "వచ్చిన చేతుల్లో ఎక్కువ ఎటుంటే అటు. ఎత్తనివాళ్ళని లెక్కపెట్టరు, సమానమైతే ఇద్దామన్నవాళ్ళదే మాట. అది మీ పాత కట్టుబాటే, నేను రాసింది కాదు. ప్రశ్న వెయ్యండి పెద్దాయనా."

"వేస్తా. నాకేం భయమా?" తెయొదూల్ లేచాడు. "పైమేత కౌలుకి ఇద్దామనేవాళ్ళు, తిననివాళ్ళు మాత్రం, చెయ్యెత్తండి."

చేతులన్నీ బల్ల కిందికి వెళ్ళిపోయాయి. సిప్రియాన్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు. ఉర్సూల్ వరసగా ఒక్కొక్కర్నీ చూస్తూ వెళ్ళింది, బల్ల చివరిదాకా. అక్కడ బాసిల్ ముందున్న పలక దగ్గర ఆమె చూపు ఆగింది.

ఆపిల్ ముక్కలు లేవు. గడ్డిపువ్వు పక్కకి తీసేసి ఉంది. చీజు పొరలు మూడూ, గది వేడికి అంచులు ముడుచుకుని, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

చీజంటే బాసిల్ చెక్కు కూడా వదలడు. ఎలుకబోనులో పెట్టిన ముక్క కూడా రెండుసార్లు ఆలోచించి పెడతాడు. అలాంటి మనిషి మేనత్త చీజుని ముట్టకుండా వదిలాడంటే, అది మేనత్తది కాదని అతనికి తెలుసు. సంచిలో వేసుకునేటప్పుడే తెలుసు. తెలిసే భుజానేసుకుని, పూజకి ముందే, పెళ్ళాం చూడకుండా ఈ కొండెక్కాడు.

దేనికోసం?

ఇద్దరికీ వేరువేరు వాటాలున్నాయి. ఆమెది నాన్న ఇచ్చింది, అతనిది అతని తండ్రి వదిలింది. ఈ గదిలో వాటా ఉండీ తినని చేతులు ఇప్పుడు రెండే. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ చేతులన్నీ కట్టేసింది తనే అనుకుంది. ఆమె కోసమే కట్టేసింది ఆ సంచి మోసిన మనిషి కూడా కావచ్చు. లేదా ఆ మనిషి తన ఒక్క చెయ్యి మాత్రం ఖాళీగా ఉంచుకుని, కంపెనీ తన ఒక్కడికే రుణపడేలా చూసుకుని ఉండవచ్చు. వచ్చే చలికాలం నుంచి కంపెనీ బండ్లన్నిటికీ అతన్నే పెద్దని చేస్తారని ఊళ్ళో అనుకుంటున్న మాట ఆమెకి అప్పుడే గుర్తురావాలా.

కుర్చీ కర్రనేల మీద గీసుకుంది. బాసిల్ లేచాడు. మంచుబండి గేర్లు మార్చి మార్చి కాయలు కాసిన కుడిచెయ్యి, తల మీదుగా, పైకి లేచింది.

ఒరెలియాన్ మొహంలోకి నవ్వు వెనక్కి వచ్చింది, ఈసారి మనిషితో సహా.

"బాసిల్," అన్నాడు తెయొదూల్. "ఇది ఇవ్వడానికి ఎత్తిన చెయ్యేనా?"

బాసిల్ ఆ రోజు మొదటిసారి భార్య మొహంలోకి సూటిగా చూశాడు. "చీకట్లో చెయ్యి తప్పలేదు, ఉర్సూల్."

"తెలుసు. నీ పలక చూశాను."

"ఎందుకు తీశానో తెలుసా?"

ఎర్నెస్తీన్ కొడుకుని ఏదో అనబోయింది. ఉర్సూల్ అత్తగారి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. తెగిన హుక్కు దగ్గర గౌను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కుర్చీ మీంచి తీసేసి, నిటారుగా నిలబడింది.

"చెప్పు. కానీ ఆ చెయ్యి దించకు. ఎత్తినవాడివి ఎత్తినట్టే ఉంచి, నా మొహం చూసి చెప్పు."

బాసిల్ చెయ్యి దించలేదు. నోరు తెరిచాడు.